ఉక్కు తీగ నగలు తుప్పు పట్టకుండా ఎలా చేయాలి

ఉక్కు తీగతో అల్లిన గొలుసునో కడియాన్నో చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందుగా అడిగే మాట, "తుప్పు పట్టదా మరి?" అని. పడుతుంది. ఇనుము, నీళ్లు, గాలి ఈ మూడూ కలిసిన చోట తుప్పు రాక మానదు. శనిదోషం పోవాలని పెట్టుకునే గుర్రపు నాడా ఉంగరం వేలి చుట్టూ నల్లగా ఎలా మరక చేస్తుందో మనలో చాలామంది చూసిందే. పైగా చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తగిలితే తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. అందుకే గోడకు వేలాడదీసే బొమ్మ కన్నా ఒంటి మీద వేసుకునే నగకు ఎక్కువ జాగ్రత్త కావాలి.

నగలు చేసేవాళ్లు ఒకరినొకరు అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ "ఏ పూత వేస్తున్నారు?" అనే. నా లెక్కలో అది మూడో ప్రశ్న. తీగ మీద ఏముంది, చుట్ల మధ్య తడి పూర్తిగా పోయిందా అన్నవి మొదటి రెండు. ఎంత ఖరీదైన మైనమైనా తడి మీద రాస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది, తుప్పు పూత కిందే పెరుగుతుంది. మీకు బయటికి కనపడేసరికి పని చేయి దాటిపోతుంది. కాబట్టి కింద చెప్పే పనిలో సగానికి పైగా పూత డబ్బా మూత తీయకముందే అయిపోతుంది.

మొదట తీగ సంగతి

హార్డ్‌వేర్ షాపులో సన్న తీగ కావాలంటే సాధారణంగా మూడు రకాలు చూపిస్తారు.

మొదటిది బైండింగ్ వైరు. స్లాబు వేసేటప్పుడు చువ్వలను కలిపి కట్టే నల్ల తీగ. కాల్చి మెత్తబరిచింది కాబట్టి వేళ్లతోనే వంగుతుంది, దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే చక్కగా చదునవుతుంది. ఆ బూడిద కలిసిన నలుపు వెండికీ రాదు, రాగికీ రాదు. చేతిపని నగలకు ఎక్కువమంది ఇష్టపడేది ఇదే, అన్నిటికన్నా ముందు తుప్పు పట్టేదీ ఇదే. 18 గేజి అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం, 20 గేజి 0.9, 22 గేజి 0.7. కడియానికీ గొలుసు కొక్కేలకూ 16 లేదా 18, పైన చుట్టడానికి 22 లేదా 24 బాగుంటాయి. కొనేటప్పుడు కొట్టు బయట వానకు తడిసిన చుట్టను తీసుకోకండి. లోపల పెట్టిన చుట్ట అడగండి. కాస్త ఎర్రగా ఉన్నా పర్లేదు, రుద్దితే పోతుంది. గోరుతో గీస్తే గుంటలు తగులుతున్నాయంటే మాత్రం ఆ తీగ వద్దు, గుంటల్లోని తుప్పును పూర్తిగా తీయలేం.

రెండోది జీఐ వైరు. ఉక్కు మీద జింక్ పూత. ఇక్కడ జింక్ తాను ముందు కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది, చిన్న గీత పడినా పక్కనున్న జింక్ ఆ పని చేస్తూనే ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ నగల పనికి నేను దీన్ని పెద్దగా సిఫార్సు చేయను. సుత్తితో కొట్టినా, ఆకురాయితో రాసినా ఆ పూత లేచిపోతుంది. చెమట తగిలితే తెల్లని పొడి పొడిగా అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దీన్ని మంట మీద పెట్టకూడదు. కాలిన జింక్ పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లునొప్పులు పట్టుకుంటాయి. నల్లబడుతుందేమో చూద్దామని గ్యాస్ స్టవ్ మీద పెట్టే ప్రయోగాలు చేయకండి.

మూడోది స్టెయిన్‌లెస్ స్టీలు తీగ. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడనంత పలచని పొర కడుతుంది, గీత పడితే ఆ పొర మళ్లీ తనే ఏర్పడుతుంది. వంటింటి గిన్నెల్లో వాడే 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 316 రకంలో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం ఊళ్లలో ఉండేవాళ్లు కాస్త డబ్బు ఎక్కువైనా 316 తీసుకోవడం మంచిది. ఈ తీగ గట్టిగా, స్ప్రింగులా ఉంటుంది, వేళ్లు నొప్పి పుడతాయి, సన్న అల్లికకు ఓపిక కావాలి. ఇంకో మాట. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని చాలామంది తేల్చేస్తారు. గిన్నెల విషయంలో ఎలా ఉన్నా, తీగ విషయంలో ఆ పరీక్షను నమ్మలేం. 304ను సన్నగా లాగి తీగ చేసేటప్పుడు దానికి కొంచెం అయస్కాంత గుణం వస్తుంది.

పాత గిటారు తీగలు, పియానో తీగలతో కడియాలు చేసేవాళ్లూ ఉన్నారు. అవి ఎక్కువ కార్బన్ ఉన్న స్ప్రింగు ఉక్కు. తుప్పు విషయంలో వాటిని బైండింగ్ వైరుతో సమానంగానే చూడండి. కత్తిరించేటప్పుడు ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, కళ్లజోడు తప్పనిసరి.

మీరు నల్ల తీగతోనే పని చేసినా చెవి కొక్కేలు మాత్రం దానితో చేయకండి. చెవి రంధ్రంలో ఎప్పుడూ తడి ఉంటుంది, ఏ పూతా అక్కడ నిలవదు. 316ఎల్ (316లోనే కార్బన్ తక్కువున్న రకం) స్టీలు కొక్కెం పెట్టండి. నికెల్ పడనివాళ్లకు వెండిదో, టైటానియందో పెట్టండి.

తీగను తుడవడం

ఇక్కడి నుంచి చెప్పేది నల్ల తీగ గురించి. చుట్ట నుంచి ఒక బార పొడవు కత్తిరించుకోండి. గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరును పొడిగా మడిచి, తీగను మధ్యలో పెట్టి, రెండు వేళ్లతో నొక్కిపట్టి లాగండి. తీగను పావు వంతు తిప్పి మళ్లీ లాగండి. మొదటి రెండు లాగుళ్లకే స్క్రబ్బరు మీద నల్ల పొడి, జిడ్డు కలిసి ముద్దగా వస్తుంది. అది కార్ఖానాలో తీగను కాల్చినప్పుడు పైన కట్టిన పొర, దానితోపాటు నూనె. గట్టిగా అంటుకుని ఉన్న నలుపు ఉండనివ్వచ్చు, అందం దాంట్లోనే ఉంది. వదులుగా ఉన్నది మాత్రం పోవాలి. లేకపోతే దాని మీద వేసిన పూత దానితోపాటే రాలిపోతుంది.

తర్వాత తెల్ల నూలు గుడ్డతో తుడవండి. గుడ్డ మీద నల్ల చార పడుతున్నంతసేపూ పని ఉన్నట్టే, లేత బూడిద రంగుకు వస్తే చాలు. మెరుపు కావాలనుకుంటే 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 800, 1000 దాకా వెళ్లండి. ఎంత నున్నగా ఉంటే తేమ నిలవడానికి అంత తక్కువ చోటు. చివరగా సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒకసారి పొడవునా తుడిస్తే మిగిలిన జిడ్డు పోతుంది. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో స్టవ్ వెలగకూడదు.

స్టెయిన్‌లెస్ తీగ పని చేసేటప్పుడు ఒక జాగ్రత్త. నల్ల తీగకు వాడిన స్క్రబ్బరు, ఇనుప పీచు, బ్రష్షు దానికి తగలనివ్వకండి. వాటినుంచి అంటిన ఇనుప రేణువులు తుప్పు పడితే స్టెయిన్‌లెసే తుప్పు పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి. "కొట్టువాడు మోసం చేశాడు" అని తిట్టుకునే ముందు మీ బ్రష్షు చూసుకోండి. ఆ చుక్కలు పోవాలంటే లీటరు గోరువెచ్చని నీళ్లలో 60 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి. పైనున్న ఇనుము కరిగిపోయి క్రోమియం పొర మళ్లీ సరిగ్గా కట్టుకుంటుంది.

అల్లేటప్పుడు

తుడిచిన తీగను ఒట్టి చేత్తో పట్టుకుంటే మరుసటి రోజుకు వేలిముద్రలు ఎర్రగా తేలతాయి. కొందరి చెమట ఈ విషయంలో మరీ ఘాటు. నూలు గ్లవ్స్ వేసుకుంటే సన్న పని సాగదు అనుకుంటే, పక్కన ఒక పొడి గుడ్డ పెట్టుకుని తీగనూ చేతులనూ మధ్యమధ్యలో తుడుచుకుంటూ ఉండండి. పని సగంలో ఆపి లేస్తే నగను టేబులు మీద వదిలేయకుండా జిప్ కవర్లో పెట్టి మూయండి.

మైనం పూతే వేద్దామని ముందే అనుకుంటే ఒక ఉపాయం ఉంది. దగ్గర దగ్గరగా చుట్లు చుట్టే చోట తీగ లోపలివైపుకు తర్వాత గుడ్డా చేరదు, మైనమూ సరిగ్గా చేరదు. అందుకే చుట్టకముందే తీగకు పలచగా మైనం రాసి తుడిచేయండి. కింద చెప్పే నూనె పూతో, స్ప్రే పూతో వేసేవాళ్లు ఇది చేయకూడదు. మైనం మీద అవి పట్టవు.

నోస్ ప్లయర్ దవడల మీద గాట్లు ఉంటే తీగ మీద ప్రతి పట్టుకూ ఒక గీత పడుతుంది, తుప్పు మొదలయ్యేది ఆ గీతల్లోనే. నున్నని దవడల ప్లయర్ వాడండి, లేకపోతే దవడలకు టేపు చుట్టండి. ఇక కత్తిరించిన కొస. ఏ నగనైనా చూడండి, ముందు ఎర్రబడేది అక్కడే. కటింగ్ ప్లయర్ నొక్కిన చోట పచ్చి ఉక్కు బయటపడి, అంచు సూదిగా ఉంటుంది. సూది అంచు మీద ఏ పూతైనా పలచబడుతుంది. ఆకురాయితో కొసను గుండ్రంగా రాసి, నున్నగా చేసి, వీలైతే చుట్టు లోపలికి మడవండి.

రాగి తీగతో కలిపి అల్లితే చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ రాగీ ఉక్కూ తాకి ఉన్న చోట చెమట పడితే ఉక్కు మామూలు కన్నా వేగంగా తుప్పు పడుతుంది, రాగి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. కలిపి తీరాలంటే ఉక్కుకు ముందే పూత వేసి, ఆరాక రాగి చుట్టండి. కొందరు మైలుతుత్తం నీళ్లలో ఉక్కు నగను ముంచి పైన రాగి రంగు తెప్పిస్తారు. స్కూల్లో ఇనుప మేకుతో చేసిన ప్రయోగమే అది. అలా పట్టే రాగి పొర నిండా సూక్ష్మమైన రంధ్రాలే. ఆ రంధ్రాల్లోంచి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది, రక్షణ అనుకుంటే పొరపాటే.

రాళ్లు, ముత్యాలు పొదగాల్సిన నగైతే ఉక్కు పనీ పూతా అంతా అయ్యాకే వాటిని ఎక్కించండి. ముత్యానికి వేడీ పడదు, స్పిరిట్టూ పడదు. టర్కోయిస్ లాంటి రాళ్లు నూనెనూ మైనాన్నీ పీల్చి రంగు మారతాయి.

కడగడం, ఆరబెట్టడం

మొత్తం పనిలో గెలుపోటములు తేలేది ఇక్కడే. అల్లిక పూర్తయ్యేసరికి నగ మీద చెమట, ఆకురాయి పొడి, చేతి జిడ్డు చేరి ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో చుట్ల దారి వెంటే తోమండి. అడ్డంగా తోమితే మురికి చుట్ల మధ్యకి పోతుంది. రెండు మూడు నీళ్లలో జాడించండి. మీ ఊరి నీళ్లు ఉప్పగా ఉంటే ఆఖరి జాడింపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది చాలు.

అక్కడి నుంచి ఆలస్యం పనికిరాదు. తడి ఉన్న పచ్చి ఉక్కు మీద నారింజ రంగు మరక కట్టడానికి నిమిషాలు చాలు. ఫ్యాను కింద పెట్టి టీ తాగి వద్దాం అనుకుంటే వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డలో పెట్టి గట్టిగా దులపండి, అద్దండి. వెంటనే చిన్న గాజు గిన్నెలో పోసిన సర్జికల్ స్పిరిట్‌లో ముంచి అటూ ఇటూ కదపండి. చుట్ల మధ్య ఇరుక్కున్న నీళ్లు స్పిరిట్‌లో కలిసి బయటికి వస్తాయి, మిగిలిన స్పిరిట్ తేలిగ్గా ఆరిపోతుంది. ఆ తడి పూర్తిగా ఆరేదాకా గాలి తగిలేలా కిటికీ దగ్గర వేలాడదీసి, తర్వాతే హెయిర్ డ్రయ్యర్ పెట్టండి. స్పిరిట్ తడి ఉండగా వేడి పరికరం దగ్గరికి తేవద్దు.

డ్రయ్యర్ పెట్టినప్పుడు చుట్ల కొస దగ్గర కాస్త నిదానంగా చూడండి. లోపల తడి మిగిలి ఉంటే వేడికి అది మెల్లగా బయటికి పాకి, చుట్టు నోటి దగ్గర ఆవగింజంత చుక్కగా నిలిచి, ఆరిపోతూ సన్నని గోధుమ రంగు గీత వదులుతుంది. ఆ గీత కనిపించిందంటే స్పిరిట్ ముంపు మళ్లీ చేయాల్సిందే. కనిపించకపోతే టిష్యూ కాగితాన్ని సూదిలా మెలిపెట్టి చుట్ల మధ్య గుచ్చి తీయండి. పొడిగా, తెల్లగా రావాలి. రాళ్లు లేని నగైతే ఓవెన్లో 100 డిగ్రీల దగ్గర ఒక పావుగంట ఉంచడం ఇంకా నమ్మకం.

వానాకాలంలో, సముద్రం గాలి తగిలే ఇంట్లో ఈ పనిని పొద్దున్నే పెట్టుకోకండి, గాలిలో తేమ అప్పుడే ఎక్కువ. తేమ 60 శాతం దాటిన గాలిలో పచ్చి ఉక్కుకు నీళ్లు తగలక్కర్లేదు, గాలే చాలు. ఆరబెట్టిన నగను రాత్రంతా ఉంచి రేపు పూత వేద్దాం అనుకోవడం కూడా అంతే. ఆరిన వెంటనే, వేడి ఉండగానే పూత.

పూత: మూడు దారులు

ఎక్కువ నగలకు నా ఓటు మైనానికే. నగను చేతికి వేడిగా, కాలీకాలనట్టుగా తగిలేంత వేడి చేయండి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి మైనం ముక్కను నగకు తగిలించగానే కరిగి జారి చుట్ల మధ్యకి దానంతటదే పాకుతుంది. ఆ పాకడం కోసమే ఈ వేడి. చల్లని తీగ మీద రాసిన మైనం పైపైనే ఉంటుంది. అంతటా పట్టాక, ఇంకా వేడి ఉండగా పొడి గుడ్డతో మిగులంతా తుడిచేయండి. మీకు కనపడేంత మైనం ఉందంటే ఎక్కువైనట్టే, దుమ్ము పడుతుంది, బట్టలకు అంటుతుంది. చల్లారాక మెత్తని గుడ్డతో మెరుగుపెట్టి, మరుసటి రోజు ఇంకోసారి ఇదే చేయండి. డబ్బు పెట్టగలిగితే రెనసాన్స్ వ్యాక్స్ అనేది తెప్పించుకోవచ్చు. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధనశాలలో పాత వస్తువుల కోసం తయారుచేసిన మైక్రోక్రిస్టలైన్ మైనం అది. దాన్ని వేడి చేయకూడదు, మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు, అందులో తేలిగ్గా అంటుకునే వైట్ స్పిరిట్ ఉంటుంది. పూర్తిగా చల్లారిన నగ మీద పలచగా రాసి, నిమిషం ఆగి తుడిస్తే చాలు. కొవ్వొత్తి మైనం వద్దు, పెళుసుగా ఉండి కదిలిన చోటల్లా పొలుసులుగా లేస్తుంది.

రెండో దారి అవిసె నూనె. కడియాలకూ, మందమైన తీగతో చేసిన లాకెట్లకూ ఇది బాగుంటుంది. కొత్త ఇనప పెనానికి నూనె రాసి కాల్చి దోసెలకు సిద్ధం చేసినట్టే ఇదీ. నూనె వేడికి గట్టిపడి, ఉక్కుకు అంటుకునే నల్లని పొరగా మారుతుంది. రాసే నూనె ఎంత పలచగా ఉంటే అంత మంచిది. రాసి, మళ్లీ అంతా తుడిచేశామా అనిపించేలా తుడవండి. 200 డిగ్రీల ఓవెన్లో గంటసేపు ఉంచి, చల్లార్చి, ఇలా రెండు మూడు విడతలు చేయండి. పొగ వస్తుంది, కిటికీలు తీయండి. పెయింట్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌లో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. ఒంటికి తగిలే నగకు అది వద్దు, తినే అవిసె నూనె వాడండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆ నూనె గాలితో కలుస్తున్నప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి పారేయండి, లేదా బయట విడిగా పరిచి ఆరేయండి.

కొబ్బరి నూనె ఈ పనికి రాదు. అది ఎప్పటికీ గట్టిపడదు, దుమ్ము పట్టి ముక్కవాసన వస్తుంది. నువ్వుల నూనె జిగురుగా తయారవుతుంది. కుట్టుమిషన్ నూనె తీగ చుట్టను దాచుకోవడానికి బేషుగ్గా పనికొస్తుంది, వేసుకునే నగకు కాదు. డబ్ల్యూడీ-40 కూడా అంతే. 1953లో అమెరికా అట్లాస్ క్షిపణుల పై తొడుగు తుప్పు పట్టకుండా నీటిని నెట్టేయడానికి చేసిన ద్రవం అది, తడి తీయడానికి మంచిదే. నగ మీద పూతలా నిలిచి ఉండేది కాదు.

మూడో దారి రంగు లేని క్లియర్ స్ప్రే. కదలని, వంగని ముక్కలకే. లాకెట్, బ్రూచ్ లాంటివాటికి రెండు మూడు పలచని విడతలు కొట్టండి, విడతకూ విడతకూ మధ్య డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. గొలుసుకు మాత్రం కొట్టకండి. కొక్కెం కొక్కెంతో రాసుకునే చోట పూత లేచిపోతుంది, అక్కడ దిగిన తేమ పూత కిందుగా పాకుతుంది. మైనమైతే మళ్లీ రాసుకోవచ్చు, స్ప్రే లేచిందంటే థిన్నర్‌తో మొత్తం తీసి మొదలుపెట్టాలి. గోళ్ల రంగులో వాడే ట్రాన్స్‌పరెంట్ పాలిష్ కూడా ఈ జాతిదే. కత్తిరించిన కొసల మీద ఒక చుక్క వేయడానికి పర్వాలేదు, నగంతా పూస్తే పెచ్చులు ఊడుతుంది.

పూతకు ముందు తీగ మరీ నల్లగా కావాలనుకునేవాళ్లకు మన దగ్గరే ఒక దారి ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేది కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన ద్రవం పడినప్పుడు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి పుట్టే నలుపది. అదే పని తీగ మీద చేయొచ్చు. కరక్కాయ పొడితో చిక్కని కషాయం కాచి, శుభ్రం చేసిన నగను అందులో ఉంచితే నీలి ఛాయ ఉన్న నలుపు మెల్లగా ఎక్కుతుంది. చిక్కని టీ డికాక్షన్ కూడా కొంతవరకు పనిచేస్తుంది. తీసి, కడిగి, పైన చెప్పినట్టే ఆరబెట్టి, మైనం వేయాలి. ఆ నలుపు కొంత అడ్డుకుంటుంది గానీ దాన్నే పూత అనుకోకూడదు.

ఇనుప నగలు ఎన్నాళ్లు నిలుస్తాయన్న అనుమానం ఉంటే బెర్లిన్ ఇనుప నగల ఫొటోలు వెతికి చూడండి. 1804లో బెర్లిన్‌లో మొదలైన ప్రభుత్వ ఇనుప పోత కార్ఖానా వల్ల వాటికి పేరొచ్చింది. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి బంగారు నగలు ఇచ్చేసిన ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) ఆడవాళ్లకు బదులుగా ఇనుప నగలు దక్కాయి. కొన్నిటి మీద "ఇనుముకు బదులు బంగారం ఇచ్చాను" అన్న అర్థంలో మాటలు కూడా ఉండేవి. అప్పట్లో ప్రష్యాలోనే ఉన్న సైలీషియాలో సన్న ఇనుప తీగను వలలా అల్లి చేసిన హారాలు కూడా అప్పటివే. నల్లని పూత వేసిన ఆ నగలు రెండు వందల ఏళ్లు దాటినా మ్యూజియాల్లో బాగానే ఉన్నాయి. రోజూ ఒంటి మీద ఉండే నగకు అంత వైభోగం దొరకదు, నిజమే.

ఒక ముక్కతో పరీక్ష

నగ చేసిన తీగతోనే చిన్న స్ప్రింగు ముక్క చుట్టి, నగతోపాటే కడిగి, ఆరబెట్టి, పూత వేయండి. దాని మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలవాలి, పరుచుకుంటే పూత చాల్లేదు. తర్వాత ఉప్పు నీళ్లలో తడిపిన టిష్యూలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి రాత్రంతా ఉంచండి. ఇది చెమట కన్నా కఠినమైన పరీక్ష, ఏదో ఒక చోట చుక్క రావడం మామూలే. ఆ చుక్క ఎక్కడ వచ్చిందన్నదే మీకు కావాల్సింది. కొసల దగ్గరైతే ఆకురాయి పని సరిపోలేదు, చుట్ల మధ్య అయితే ఆరబెట్టడం సరిపోలేదు, అంతటా అయితే జిడ్డు పోకుండానే పూత వేశారు.

వేసుకునేటప్పుడు, దాచేటప్పుడు

స్నానానికి, నిద్రకు ముందు తీసేయాలి. సెంటు, లోషన్ రాసుకున్నాక ఆరనిచ్చి వేసుకోవాలి. తీశాక పొడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చెమట ఉప్పు పోతుంది, ఈ చిన్న పని ఏ పూత కన్నా తక్కువ కాదు. రోజూ వేసుకునే నగకు ఎండాకాలం, వానాకాలం నెలకోసారి మైనం రాస్తే బాగుంటుంది. అప్పుడప్పుడు వేసుకునేదైతే మెరుపు తగ్గినప్పుడు చాలు.

జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లం వేసి దాచండి. కొత్త చెప్పులతో వచ్చినవి వాడుకోవచ్చు గానీ అవి చాలాసార్లు అప్పటికే తేమ తాగేసి ఉంటాయి. రంగు మారే రకమైతే తెలిసిపోతుంది, నారింజవి పచ్చగా, నీలివి గులాబీ రంగులోకి మారతాయి. పళ్లెంలో పరిచి 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నగను దూదిలో చుట్టకండి, దూది తేమ పట్టుకుంటుంది. బాత్రూం కడిగే యాసిడ్ సీసా ఉన్న అల్మారాలో అసలు పెట్టకండి. మూత బిగించి ఉన్నా దాన్నుంచి వచ్చే ఆవిరి చుట్టుపక్కల ఇనుమంతా పాడు చేస్తుంది. మీ ప్లయర్లు కూడా.

నగలు అమ్మేవాళ్లు పొట్లంలో ఒక చిన్న కార్డు వేయండి: ఇది ఉక్కు తీగ, తడి తగిలితే తుడవాలి, మధ్యమధ్యలో మైనం రాయాలి, ఇదిగో చిన్న మైనం బిళ్ల. "వాటర్‌ప్రూఫ్", "ఎప్పటికీ తుప్పు పట్టదు" అని రాసి అమ్మితే తర్వాత వచ్చే ఫోన్ల టెన్షన్ మీదే. చెప్పి అమ్మినవాళ్ల దగ్గరికి కొన్నవాళ్లు మళ్లీ మైనం కోసం వస్తారు.

తుప్పు వచ్చేశాక

పైపైన ఎర్రబడితే పొడి స్క్రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, వేడి చేసి మైనం రాస్తే సరిపోతుంది. మొత్తం తీసి మళ్లీ చేయక్కర్లేదు.

చుట్ల మధ్య దిగిన తుప్పుకు తెల్ల వెనిగర్‌లో నానబెట్టాలి. గంటకోసారి తీసి టూత్‌బ్రష్‌తో తోమి చూస్తూ ఉండండి. తుప్పు పోయాక కూడా ఉంచేస్తే మంచి ఉక్కును తినడం మొదలుపెడుతుంది. చింతపండు పులుసు కూడా తుప్పును వదిలిస్తుంది గానీ పీచు చుట్లలో ఇరుక్కుని విసిగిస్తుంది. తీసిన వెంటనే చెంచాడు వంట సోడా కలిపిన నీళ్లలో ముంచండి, చుట్ల మధ్య మిగిలిన పులుపు విరిగిపోవాలి. బుడగలు ఆగాక కడిగి, స్పిరిట్, గాలి, డ్రయ్యర్, మైనం అదే వరసలో. ఆమ్లంలోంచి తీసిన ఉక్కు మామూలు కన్నా తొందరగా ఎర్రబడుతుంది, అందుకని వెనిగర్‌లో వేయడానికి ముందే ఇవన్నీ టేబులు మీద సిద్ధంగా పెట్టుకోండి.

గిటారు తీగ, పియానో తీగ లాంటి స్ప్రింగు ఉక్కును మాత్రం వెనిగర్‌లో వేయకండి. ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దిగి దాన్ని పెళుసు చేస్తుంది, వేసుకున్న రోజు వంచగానే టక్కున విరుగుతుంది. వాటిని గరుకు కాగితంతోనే రుద్దాలి. రుద్దినా గుంటలు పోకపోతే ఆ ముక్క వరకూ కత్తిరించి కొత్త తీగ వేయండి.